ఆకు వెనక చుక్కలు

మన ఇల్లు, వంటగది బల్ల
వాన వెలిసిన మధ్యాహ్నం

పిచ్చుకకి,

నీకు ఉత్తరం రాద్దామంటే ఇంట్లో పెన్ను దొరకలేదు. చివరికి మీ అన్నయ్య సెలూన్ పెట్టెలో, దువ్వెనల కింద దొరికింది. ఫోన్ చేయవచ్చు కదా వదినా అంటావు. కిందటిసారి చేసినప్పుడు ఏమైందో నీకు చెప్పలేదు. నీ గొంతు విన్నాక మీ అన్నయ్య ఇల్లంతా నిన్ను వెతికారు. తలుపుల వెనక చూశారు, మంచం కింద చూశారు, స్నానాల గది తలుపు తట్టి చాలాసేపు నిలబడ్డారు. నువ్వు ఎక్కడో దూరాన ఉన్నావని ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. అందుకని ఇక మన మధ్య ఉత్తరాలే.

ఆయన ఎలా ఉన్నారంటే, కాలు కొంచెం ఈడుస్తారు. చెయ్యి బాగానే తిరిగొచ్చింది. మాట మాత్రం సెలూన్లో కుప్పకూలిన రోజు పోయింది, పోయింది పోయినట్టే ఉంది. డాక్టరుని అడిగితే "చూద్దాం అమ్మా" అంటాడు. ఆయన అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. గేటు పక్కన గుండ్రటి గుబురు మొక్క గుర్తుందా, నువ్వు గుండుగాడు అని పేరు పెట్టావు. ఇల్లు మారుతూ ఎవరో గిరాకీ ఇచ్చిపోతే మీ అన్నయ్య తెచ్చి నాటారు. సెలూన్ మూతపడ్డాక ఆయనకి మిగిలిన గిరాకీ వాడొక్కడే. పొద్దున్నే ఆయన కత్తెరా దువ్వెనా పట్టుకుని గేటు దగ్గరికి వెళతారు. ముందు వాడికి తల దువ్వుతారు. నవ్వకు, నిజంగానే దువ్వుతారు. తరవాత పైకి లేచిన ఆకుల్ని టకటకా కత్తిరిస్తారు. మధ్యలో ఒక ఆకు పట్టుకుని వెనక్కి తిప్పి చూస్తారు, నన్ను పిలిచి చూపిస్తారు. నేను "బాగుంది" అంటాను. ఆ ఒక్క పని చేస్తున్నంతసేపూ ఆయన నాకు తెలిసిన మనిషి. లోపలికొచ్చాక మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చుంటారు. ఒక్కోసారి తల గోడకేసి కొట్టుకుంటారు, నేను మధ్యలో దిండు పెడతాను.

మొన్న మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి వాడికి ఎర్ర రిబ్బను కట్టి వెళ్ళారు. బాక్స్ అనే గుబురు మొక్కలకి ఏదో గొంగళిపురుగు పట్టిందట, వీధిలో ఉన్నవన్నీ వేళ్ళతో సహా పీకి తగలబెడతారట. నెలాఖరుకి లారీ వస్తుంది. "ఇది ఆ మొక్కేనని మీకెలా తెలుసు బాబూ" అని అడిగాను. వచ్చినాయన మంచివాడే. "చూడ్డానికి అలాగే ఉందమ్మా. కాదని తెలిసినవాళ్ళెవరైనా రాసిస్తే వదిలేస్తాం" అన్నాడు.

మనకి తెలిసినవాళ్ళంటే నువ్వే. నీ ఉద్యోగమే మొక్కల్ని ఎండబెట్టి పేర్లు పెట్టడం కదా. వాడు పోతే మీ అన్నయ్యకి ఏం మిగులుతుందో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది. ఏం చేయాలో చెప్పు.

మీ వదిన


కళాశాల, ఎండుమొక్కల గది
కాలు కుర్చీ మీద, నేను ఇంకో కుర్చీ మీద

వదినకు,

నీ ఉత్తరం అందగానే బయలుదేరాల్సినదాన్ని. కానీ నేనూ నీకు ఒకటి చెప్పలేదు. ఇక్కడ పై అర అందుకోబోయి నిచ్చెన మీంచి జారాను. కాలు విరిగింది, తొడ దాకా కట్టు. ఎవరో దింపితే పనికి వస్తాను, ఎవరో ఎక్కిస్తే ఇంటికి పోతాను. నీకున్నవి చాలవా అని రాయలేదు. కోప్పడకు.

గుండుగాడి సంగతికి వస్తాను. ఏడాది పొడుగునా పచ్చగా, చిన్న చిన్న మెరిసే ఆకులతో, ఎలా కత్తిరిస్తే అలా ఒదిగే మొక్కలు ముఖ్యంగా రెండు. ఒకటి బాక్స్. రెండోది హాలీ. హాలీ అనగానే అందరికీ ముళ్ళ ఆకులూ ఎర్రటి కాయలూ గుర్తొస్తాయి. అది పెద్ద కుటుంబం, మన చుట్టాల్లాగే అందరూ ఒక పోలికలో ఉండరు. అందులో ముళ్ళు లేనిది ఒకటుంది. దాన్ని అందం కోసమే పెంచుతారు, కాయలు నల్లగా మిరియాల్లా ఉంటాయి. బాక్స్ పక్కన పెడితే తోటపని వాళ్ళే పొరపడతారు. ఆ పురుగు బాక్స్‌నే తింటుంది, హాలీ జోలికి రాదు. మనవాడు హాలీ అయితే బతికిపోయాడు. వాడి పక్కన నిలబడి నీతో ఎన్ని కబుర్లు చెప్పానో, ఒక్కసారైనా వాడి ముఖం చూడలేదు. పెళ్ళిలో వంట చేసినవాడు తినకుండా పోయినట్టుంది నా సంగతి.

నువ్వు రెండు పనులు చేయాలి. ఒకటి, జానెడు కొమ్మ కోసి, కాగితాల మధ్య బరువు కింద పెట్టి ఎండబెట్టి, మందపాటి అట్ట మీద కదలకుండా దారంతో కుట్టి పంపు. మేం ఇక్కడ ప్రతి మొక్కనీ అలాగే కుట్టి దాస్తాం. నీకు కుట్టడం నేను నేర్పక్కర్లేదు. ఫోటో వద్దు, ఫోటోలో వాడు పచ్చటి బంతిలా ఉంటాడు. రెండోది, గోడవైపు భాగాన్ని అన్నయ్య కత్తిరించకుండా చూడు. రోజూ కత్తెర పడే మొక్కకి పువ్వు రాదు. వదిలేస్తే పూస్తుంది. హాలీకి పూసే నాలుగు రేకుల తెల్ల పువ్వు కనిపించిందంటే ఇక ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఆ కొమ్మలో ఏం చూస్తావే అని అడుగుతావు. చెప్పను. ఇక్కడ మొదటి రోజే నేర్పే నియమం అది. ఏం చూస్తామో పంపేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే మనసు కోరుకున్నదే ఏరి పంపుతారు, వాళ్ళకి తెలియకుండానే. నువ్వు అబద్ధమాడతావని కాదు వదినా. నువ్వు ఆశపడతావని.

అన్నయ్య తలకి దిండు పెట్టే దానివి, నీ తలకి ఎవరు పెడుతున్నారు?

పిచ్చుక


మన ఇల్లు
కార్ఖానాకి వెళ్ళేముందు

పిచ్చుకకి,

కాలు విరిగిన సంగతి దాచినందుకు నీకు వేరే ఉత్తరం రాస్తాను, అందులో తిట్లు తప్ప ఏమీ ఉండవు. ప్రస్తుతానికి కాలు కింద పెట్టకు.

పువ్వు సంగతి మర్చిపో. గోడవైపు ఒక్కటే వదలమంటే ఆయనకి ఎక్కదని కత్తెరే తీసి పిండి డబ్బాలో దాచాను. మొదటి రోజు మీ అన్నయ్య ఇల్లంతా వెతికారు. రెండో రోజు దువ్వెన ఒక్కటే పట్టుకుని వెళ్ళి, వాణ్ణి దువ్వుతూ కూర్చున్నారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి ఆకుల్ని గోళ్ళతో గిల్లుతున్నారు. వేళ్ళ చివర నెత్తురు. నన్ను చూసి చేతులు వెనక దాచుకున్నారు, నేనేదో కొడతానన్నట్టు. ఆయన నన్ను చూసి భయపడటం నేను ఇదివరకు చూడలేదు. పిండి డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేశాను. కత్తెర దులుపుకుని, సరిగ్గా ఆ గోడవైపే ముందు కత్తిరించారు. పెరిగి ఎంత చిరాకు పెట్టిందో పాపం.

మునిసిపాలిటీ ఆయన మళ్ళీ వచ్చాడు. మీ అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని మొక్క దగ్గరికి లాక్కెళ్ళి, ఆకు తిప్పి ముఖం దగ్గర పెట్టారు. ఆ మనిషి "సరే పెద్దాయనా, సరే" అని భుజం తట్టాడు. మీ అన్నయ్య వదలరే. ఇంకో ఆకు, ఇంకో ఆకు. నాకే సిగ్గేసి చెయ్యి విడిపించి లోపలికి తీసుకొచ్చాను. "ఏమీ అనుకోకండి, ఆయనకి బాగాలేదు" అన్నాను. లోపలికొచ్చాక ఆయన గోడవైపు కూడా తిరగలేదు, నన్నే చూస్తూ కూర్చున్నారు.

కొమ్మ పంపుతున్నాను. బరువు కింద పెడితే ఎన్నాళ్ళు పడుతుందోనని కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేశాను. వేడికి కొన్ని ఆకులు ఊడాయి కానీ ఒక్కటి కూడా పోనివ్వలేదు, అన్నీ అట్ట మీదే ఉన్నాయి. పచ్చ దారంతో కుట్టాను, ఎక్కడ కుట్టు ఉందో వెతుక్కోవాలి నువ్వు. మా కార్ఖానాలో చేతితొడుగులు జతచేసే బల్ల మీద నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. కుడికి ఎడమ, సైజుకి సైజు, కళ్ళు మూసుకుని కూడా జత కలిపేస్తాను. నీ అట్ట కూడా అంత ముచ్చటగా ఉంది. మీ ఎండుమొక్కల గది చూసుకునే పెద్దాయనకి చూపించు.

లారీ వచ్చేలోగా జవాబు రావాలి. ఆశపడను అని నీకు మాటిస్తున్నాను. పడుతున్నాను అనుకో.

మీ వదిన


కళాశాల, ఎండుమొక్కల గది

వదినా,

చుట్టూ తిప్పి రాయడం చేతకావడం లేదు. అది బాక్స్.

హాలీ కావాలని కోరుకుంటూ చూస్తే తప్పు చూస్తానేమోనని, ఒకసారి చూసి పక్కన పెట్టి, టీ తాగి వచ్చి మళ్ళీ చూశాను. కొమ్మ మీద ఆకుల తీరు అదే చెబుతోంది. పైగా అంచుల్లో చిన్న చిన్న నొక్కులున్నాయి, పురుగు అప్పుడే కొరకడం మొదలుపెట్టినట్టుంది. ఇంక దాన్ని ఉంచి లాభం లేదు. ఇవాళ కాకపోతే వచ్చే నెల అన్నయ్య కళ్ళముందే ఎండిపోతుంది, అది ఇంకా ఘోరం. కాదని నేను రాసిస్తే వాళ్ళు నమ్ముతారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ వీధిలో మిగిలిన ఇళ్ళవాళ్ళ మొక్కలు పోయి మనది ఉండి, దాని మీద పురుగు పెరిగితే ఏం ముఖం పెట్టుకుంటాం?

లారీ వచ్చే రోజు అన్నయ్యని ఎక్కడికైనా తీసుకెళ్ళు. డాక్టరు దగ్గరికని చెప్పు. నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని ఇలాంటి సలహాలు ఇస్తున్నందుకు నా మీద నాకే రోతగా ఉంది.

నీ కుట్టు మా పెద్దాయనకి చూపించాను. "ఎవరమ్మా ఈమె, మన దగ్గర పనికి వస్తుందా" అన్నాడు.

పిచ్చుక


మన ఇల్లు, గేటు కనిపించని వైపు గది

పిచ్చుకకి,

అయిపోయింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కానీ లారీ ఆలస్యంగా వచ్చింది. మేం తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లో ఉంది. ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. మీ అన్నయ్యకి తెలిసిపోయింది, ఎలాగో మరి. తలుపు బాదలేదు. కిటికీ దగ్గర నిలబడి మొత్తం చూశారు. గునపంతో చుట్టూ తవ్వి, తాడు కట్టి లాగారు. వాడు ఒక పట్టాన రాలేదు. మూడోసారి లాగితే పెద్ద మట్టిముద్దతో సహా పైకి లేచాడు. మునిసిపాలిటీ ఆయన గుమ్మం దగ్గరికొచ్చి "వేరే మొక్క పెట్టుకోండమ్మా" అన్నాడు. నేను తల ఊపాను. అంతకంటే ఏం చేస్తాను, నువ్వే చెప్పాక.

వాళ్ళు వెళ్ళాక తలుపు తీశాను. మీ అన్నయ్య గోతి పక్కన రాలిన ఆకులు ఏరుకున్నారు, చొక్కా జేబు నిండా. అప్పటినుంచీ ఒకటే పని. ఒక ఆకు తీస్తారు, వెనక్కి తిప్పుతారు, నా అరచేతిలో పెట్టి వేలితో పొడుస్తారు. నేను "ఏం కావాలి" అంటే ఇంకో ఆకు తీస్తారు. అన్నం తింటుంటే కంచం పక్కన, కార్ఖానా పని ఇంటికి తెచ్చుకుని చేస్తుంటే చేతితొడుగుల మీద, అన్నీ వెనక్కి తిప్పిన ఆకులే. దేవుడా, ఈయన నన్ను ఏం అడుగుతున్నారు అనుకుంటాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కనుబొమ్మ కదిలితే నాకు అర్థమయ్యేది. ఇది మాత్రం అర్థం కావడం లేదు.

పొద్దున్నే మామూలుగానే కత్తెరా దువ్వెనా పట్టుకుని వెళుతున్నారు. గోతి దగ్గర నిలబడి గాలిని దువ్వుతారు, గాలిని కత్తిరిస్తారు. వాడు ఎంత ఎత్తు ఉండేవాడో అంత ఎత్తులో, ఎంత గుండ్రంగా ఉండేవాడో అంత గుండ్రంగా చుట్టూ తిరుగుతారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు. మొదట్లో సిగ్గుపడి లోపలికి లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడు వదిలేశాను.

నాకు ఒక్కటే ఊరట. వాడు ఎలాగూ చచ్చేవాడే అని నువ్వు చూసి చెప్పావు. ఏ కాస్త అనుమానం ఉన్నా ఆ లారీకి అడ్డం పడుకునేదాన్ని, నా సంగతి నీకు తెలుసు.

మీ వదిన


కళాశాల, ఎండుమొక్కల గది

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అన్నయ్య పక్కన లేనప్పుడు చదువు.

ఆకు తిప్పి అరచేతిలో పెడుతున్నారని రాశావు కదా, అక్కడ ఆగిపోయాను. అరలోంచి నీ అట్ట తీయించాను. అన్ని ఆకులూ ముఖం పైకి పెట్టి కుట్టి ఉన్నాయి. ఒక దారం తెంపి ఆకు తిప్పి భూతద్దం పెట్టాను. వెనక అంతా చిన్న చిన్న నల్ల చుక్కలు, పెన్నుతో ముట్టించినట్టు. బాక్స్ ఆకు వెనక అలాంటి చుక్కలు ఉండవు వదినా. ఆ చుక్కలు ఉండేది ముళ్ళు లేని హాలీకి.

తరవాత మిగిలినవన్నీ చూశాను. అంచుల్లో పురుగు కొరికిందన్నానే, అవి ఆకు పుట్టుకతో ఉన్న పళ్ళు. రెండు వైపులా కొలిచినట్టు ఒకేలా ఉన్నాయి, ఏ పురుగూ అంత శ్రద్ధగా కొరకదు. బాక్స్‌కి అంచు నున్నగా ఉంటుంది. కొమ్మ మీద ఆకు మొలిచిన గుర్తులు కూడా చూశాను. బాక్స్‌కి ఆకులు ఎప్పుడూ రెండేసి, ఎదురెదురుగా, ఒకే చోట నుంచి వస్తాయి. హాలీకి ఒకటి ఇటు, కాస్త పైన ఒకటి అటు, మనిషి అడుగులు వేసినట్టు. గుండుగాడి గుర్తులు అడుగుల్లాగే ఉన్నాయి.

వాడు హాలీ. వాడికి ఏ పురుగూ పట్టలేదు. నా కంటి తప్పు, నా ఒక్కదాని తప్పు.

అన్నయ్య నిన్ను ఏమీ అడగడం లేదు. చెబుతున్నాడు. నేను పరీక్షకి చదువుకునేటప్పుడు సెలూన్లో మూల కుర్చీలో కూర్చుని పైకి వల్లె వేసేదాన్ని, ఇంట్లో చోటు లేక. ఆకు తిప్పు, వెనక నల్ల చుక్కలుంటే హాలీ. అది విని విని అన్నయ్య గిరాకీల మీద ప్రయోగించేవాడు. "తల తిప్పండి సార్, వెనక చుక్కలున్నాయేమో చూద్దాం, మీరు హాలీ కావచ్చు." సెలూనంతా నవ్వేవాళ్ళు. నేను మర్చిపోయాను. మాట పోయినా అన్నయ్యకి అది పోలేదు. మునిసిపాలిటీ ఆయనకి చెప్పాడు, నీకు చెప్పాడు. నువ్వు నీ మొదటి ఉత్తరంలోనే నాకు రాశావు, ఆకు వెనక్కి తిప్పి చూస్తారని. నేను చదివి నవ్వుకున్నాను.

నీకు ఏం రాయాలో తెలియడం లేదు. నన్ను తిట్టు.

పిచ్చుక


ఇల్లు

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. చదివాను. మీ అన్నయ్యగారు ఎప్పటిలాగే ఉన్నారు. మీ కాలు త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాను. కార్ఖానాలో పని ఎక్కువగా ఉంది. జవాబులు రాయడం కుదరకపోతే ఏమీ అనుకోకండి.

ఇట్లు
మీ వదిన


కళాశాల, ఎండుమొక్కల గది

వదినా,

నువ్వు తిడితే భరించేదాన్ని. మీరు అని రాశావు. ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని పని చేయలేకపోయాను.

మా తోటమాలి మీ వైపు వస్తున్నాడని తెలిసి, ఒక మొక్క ఇచ్చి పంపుతున్నాను. మోకాలంత కూడా లేదు. ఇది హాలీ. ఈసారి ప్రతి ఆకూ వెనక చూశాను, అన్నయ్య చూసినట్టు. గుండుగాడి బదులు అని పంపడం లేదు, వాడికి బదులు లేదు. నాటాలనిపిస్తే నాటు. లేకపోతే అతనికే తిరిగి ఇచ్చెయ్యి. వాడంత కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

కట్టు ఇంకా విప్పలేదు. విప్పాక రమ్మంటే వస్తాను. రమ్మనే దాకా రాను.

పిచ్చుక


మన ఇల్లు, గేటు దగ్గర అరుగు

పిచ్చుకా,

మొక్క ఎప్పుడో అందింది, జవాబు రాయడానికే ఇన్ని నెలలు పట్టింది. మీ తోటమాలి దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు. వద్దని పంపేద్దామనే అనుకున్నాను, నీ మీద అంత కోపంగా ఉన్నాను. ఎండన పడి వచ్చాడని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, అతను తాగుతుంటే ఊరికే కొమ్మ పట్టుకుని చూశాను. ఒక ఆకు ఇటు. కాస్త పైన ఒకటి అటు. నువ్వు రాసినట్టే.

మర్నాడు కార్ఖానాలో తొడుగులు జత చేస్తున్నాను. చేతులు వాటిపాటికి అవి పోతున్నాయి, కుడికి ఎడమ, సైజుకి సైజు. ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి. ఇస్త్రీ చేసిన రోజు కళ్ళముందుకి వచ్చింది. ఊడిన ఆకుల్ని బల్ల మీద పరిచి, పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది ఏరి, కొమ్మకి అటొకటి ఇటొకటి సరిగ్గా ఎదురెదురుగా పెట్టి కుట్టింది నేనే. ఊడకుండా ఉన్నవాటిని కూడా ఒంటరిగా ఉన్నాయని విరిచి జత కలిపాను. అలా అయితే ముచ్చటగా ఉంటుందని.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. నా కంటి తప్పు, నా ఒక్కదాని తప్పు అని రాశావు. దారం తెంపి చూసినదానివి, కొమ్మ మీద గుర్తులు చూసినదానివి, నా జతలు నీకు కనపడలేదా. కనపడ్డాయి. రాయలేదు. నేను నిన్ను మీరు అని రాస్తే కూడా నోరు మూసుకుని మొక్క పంపావు.

నువ్వు దాచకపోతే బాగుండేదో, దాచడమే బాగుందో నాకు తేలడం లేదు. నీ మీద కోపం ఉన్నన్నాళ్ళు నాకు ఒక పనంటూ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది నేను. కొమ్మ పాడుచేసింది నేను. ఎవరి మీదా పడి ఏడవడానికి లేదు. నువ్వూ వెనక్కి తిప్పి చూడాల్సింది, అది నిజమే. ఆ మాట ఒక్కసారి అనేశాను, ఇంకెప్పుడూ అనను.

మొక్కని పాత గోతిలో కాక పక్కన నాటాను. మీ అన్నయ్య వచ్చి వంగి, ఒక ఆకు తిప్పి, నాకు చూపించారు. చుక్కలున్నాయి. "హాలీ" అన్నాను. ఆయన నా ముఖం వైపు చూశారు. "అవునండీ, హాలీ. గుండుగాడు కూడా హాలీయే. మీరు చెప్పారు, మాకే తెలియలేదు" అన్నాను. అవునన్నట్టు తల ఊపారు. మాట పోయాక ఆయన నాకు జవాబు చెప్పడం అదే మొదలు. నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. ఆయన కాసేపు చూసి, కత్తెర తీసుకుని పాత గోతి దగ్గరికే వెళ్ళి గాలిని కత్తిరించడం మొదలుపెట్టారు. ఈ పిల్లమొక్కలో ఆయనకి కత్తిరించడానికి ఏముంది.

ఆ చప్పుడు వినలేకపోయాను. ఏమీ తెగని కత్తెర చప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలియదు. లోపలి నుంచి సెలూన్ స్టూలు తెచ్చి గోతి పక్కన వేసి, దాని మీద కూర్చున్నాను. జుట్టు ముడి విప్పేశాను. ఆయన ఆగారు. దువ్వెన నా తలలో పెట్టారు. పాపిడి తీశారు, చివర్లు చేత్తో పట్టి చూశారు, టక్ మని ఒక్క పిసరు కత్తిరించారు. మెడ మీద రాలిన వెంట్రుకలు ఊదారు, సెలూన్లో గిరాకీలకి ఊదినట్టే.

అప్పటినుంచీ రోజూ కూర్చుంటున్నాను. ఆయన గోడవైపు తిరగడం తగ్గింది, దిండు మంచం మీదే ఉంటోంది. జనం ఆగి చూస్తారు, చూడనీ. ఎంత జాగ్రత్తగా పిసరు పిసరు తీసినా రోజూ తీస్తే ఎంతకని ఉంటుంది. నడుం దాకా ఉన్న జుట్టు భుజాల మీదికి వచ్చింది, భుజాలు దాటి చెవుల దగ్గరికి వస్తోంది. కార్ఖానాలో ఫ్యాషనా అని అడుగుతున్నారు. ఇంకొన్నాళ్ళయితే ఆయనకి నా తలలో కూడా పని ఉండదు. ఆ తరవాత ఏమిటో నాకు తోచడం లేదు. ఆ మొక్క ఎదగాలంటే ఏళ్ళు కావాలన్నావు.

నీ కట్టు ఈపాటికి విప్పే ఉంటారు, రా. నీ జడ ఇంకా అంత పొడుగే ఉందా? ఉంటే తల దువ్వుకోకుండా రా. ఆయన దువ్వుతారు.

మీ వదిన